క్యాంపర్ వ్యాన్‌లో లిథియం బ్యాటరీ పెడుతున్నారా? ముందు ఆల్టర్నేటర్ సంగతి చూడండి

బ్రిటన్‌లో క్యాంపర్ వ్యాన్ కొనుక్కున్న మనవాళ్లకు ఒక మాట. వ్యాన్ లోపలి లైట్లు, ఫ్రిజ్ లాంటివాటికి కరెంటిచ్చే పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసి, అదే చోట లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టి, అవే తీగలు బిగిస్తే పని అయిపోదు.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది. లిథియం బ్యాటరీ దాదాపు నిండేవరకూ దొరికినంతా లాగుతూనే ఉంటుంది. ఆ కరెంటు ఇచ్చేది ఇంజిన్‌తో పాటు తిరిగే ఆల్టర్నేటర్. ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే దాన్ని చల్లబరిచే ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. ఇక ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. అందుకే ఇంజిన్ నడుస్తున్నప్పుడు రెండు బ్యాటరీలనూ నేరుగా కలిపే పాత స్విచ్చు, అంటే స్ప్లిట్ ఛార్జ్ రిలే, తీసేసి, కరెంటును ఒక హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి. 30 ఆంపియర్లది చాలా వ్యాన్లకు సరిపోతుంది. ఖర్చే, కానీ ఆల్టర్నేటర్ మార్చడం కన్నా నయం.

సోలార్ ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే సోలార్ కంట్రోలర్‌నూ, క్యాంపు సైటు కరెంటుతో నడిచే ఛార్జర్‌నూ లిథియం సెట్టింగుకు మార్చండి. ఛార్జింగ్ వోల్టేజీ సాధారణంగా 14.2 నుంచి 14.6 వోల్టులు; తయారీదారు ఇచ్చిన అంకెదే చివరి మాట. లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం ఉండే ఈక్వలైజేషన్, డీసల్ఫేషన్ అనే సెట్టింగులు ఉంటే ఆపేయండి.

స్కాట్లండ్ చలిలో తిరిగేవారు మరో సంగతి చూసుకోవాలి. సెల్స్ 0 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పూతలా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగిరాదు. చలిలో ఛార్జింగ్‌ను తనంతట తానే ఆపే బ్యాటరీనే కొనండి.

ఫ్యూజును పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి. పని మొదలుపెట్టే ముందు సోలార్ ప్యానెల్ తీగ విడదీయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, వేలికున్న ఉంగరం తీసి జేబులో వేసుకోండి.