ఒంటిచేతి వ్యాపారానికి మొదటి ఏడాది లెక్క చూసుకోవడం ఎలా

ఆవకాయ కలిపిన మూడో రోజున జాడీ మూత తీసి, అడుగు నుంచి తిరగకలిపి, ఉప్పు సరిపోయిందో లేదో చూడటం మన ఇళ్ళలో ఎవరూ మానని పని. తక్కువైన ఉప్పు ఆ రోజే కలిపితే పచ్చడి ఏడాదంతా నిలుస్తుంది. ఒక్కరే నడుపుకునే వ్యాపారంలో మొదటి సంవత్సరం ముగిసే వేళ కూడా అటువంటిదేనని నా అనుభవం. గుంటూరులో ఇంటి వద్దనే పచ్చళ్ళు, పొడులు తయారుచేసి అమ్మే పనిలో నాకు ఒక ఏడాది పూర్తయింది. ఆ ఏడాది లెక్కను ఏ క్రమంలో చూసుకున్నానో, మొదట ఎక్కడ తప్పు లెక్క వేశానో ఇక్కడ రాస్తున్నాను. బట్టలు కుట్టేవారికి, ఇంట్లో ట్యూషన్లు చెప్పేవారికి, ఫొటోలు తీసేవారికి కూడా ఈ క్రమం పనికివస్తుంది. ఎందుకంటే ఒంటిచేతి వ్యాపారాలన్నిటిలోనూ యజమాని, కూలీ ఒక్కరే. ఆ ఇద్దరి లెక్కలు కలిసిపోవడమే మొదటి ఏడాది జరిగే పెద్ద పొరపాటు.

ముందుగా కూర్చునే సమయం నిర్ణయించుకోవాలి. నేను మార్చి నెల చివరి వారాన్ని ఎంచుకున్నాను. మార్చి 31తో ఆదాయపు పన్ను సంవత్సరం ముగుస్తుంది కాబట్టి మాత్రమే కాదు. ఆ సమయానికి నిరుటి ఆవకాయ జాడీలు దాదాపు ఖాళీ అవుతాయి, కొత్త కాయ ఇంకా కోతకు రాదు. ఏప్రిల్, మే నెలల్లో కాయ కొనడం, ముక్కలు కొట్టించడం మొదలైతే లెక్కలు చూసే తీరిక ఉండదు. మీ పనిలోనూ సరుకు తక్కువగా, చేతులు ఖాళీగా ఉండే వారం ఒకటి తప్పక ఉంటుంది. ట్యూషన్లు చెప్పేవారికి అది పరీక్షలయ్యాక వచ్చే వారం, పెళ్ళిళ్ళ ఫొటోలు తీసేవారికి ముహూర్తాలు లేని మూఢం రోజులు. ఆ వారంలో వరుసగా రెండు రోజులు కేటాయించుకోండి. రోజుకు అరగంట చొప్పున చూద్దామనుకుంటే పని ఎన్నటికీ పూర్తి కాదు.

మొదటి రోజు ఉదయం కాగితాలు పోగుచేయడానికే సరిపోతుంది. బ్యాంకు పాసుపుస్తకం లేదా స్టేట్‌మెంటు, రోజువారీ చిట్టా, కిరాణా బిల్లులు, కొరియర్ రసీదులు, వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు అన్నీ ఒకచోట పెట్టుకోవాలి. జ్ఞాపకాన్ని ఆధారం చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. బాగా అమ్ముడైన నెల మనకు గుర్తుంటుంది. నిదానంగా గడిచిన మూడు నెలలు గుర్తుండవు. నా యూపీఐ ఖాతాలో ఇంటి పాలు, కూరగాయల చెల్లింపులు, పచ్చళ్ళకు కొన్న పప్పు నూనె చెల్లింపులు కలగాపులగమై ఉన్నాయి. స్టేట్‌మెంటును అచ్చు వేయించి, వ్యాపారానికి సంబంధించిన ప్రతి పద్దు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. పన్నెండు నెలలకు అయిదు గంటలు పట్టింది. వేరే బ్యాంకు ఖాతా తెరవడం ఎందుకు అవసరమో ఆ అయిదు గంటల్లో నాకు అర్థమైంది, ఆ వారంలోనే తెరిచాను కూడా.

తరువాత మిగిలిన సరుకును తూచాలి. జాడీతో సహా తూచి, ఖాళీ జాడీ బరువు తీసివేసి, ఎంత పచ్చడి ఉందో, ఎన్ని కిలోల కారం, ఆవపిండి, బెల్లం ఉన్నాయో, ఖాళీ సీసాలు ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి. వాటిని కొన్న ధరకే లెక్కకట్టాలి. అమ్మితే వచ్చే ధర వేసుకుంటే ఇంకా రాని లాభాన్ని ఈ ఏడాదిలో కలుపుకున్నట్టవుతుంది.

ఇక డబ్బు లెక్క. నా ఏడాది అమ్మకం 3,98,800 రూపాయలు. మిగిలిన సరుకు విలువ తీసివేయగా ముడిసరుకుకు 1,71,000, సీసాలకు, పెట్టెలకు 38,000, కొరియర్‌కు 46,000, ముక్కలు కొట్టడానికి, ఆకు గిల్లడానికి వచ్చినవారి కూలికి 22,000, గ్యాసు, కరెంటుకు 14,500, రిజిస్ట్రేషన్, లేబుళ్ళ అచ్చుకు 11,300, పాడైనవాటికి, కారిపోయి తిరిగివచ్చినవాటికి 9,200 అయ్యాయి. మొత్తం ఖర్చు 3,12,000 పోగా మిగిలింది 86,800. ఈ అంకెను చూసి నేను సంతోషించాను. అయితే అందులో రెండు దుకాణాల నుంచి రావలసిన 18,500 ఇంకా బాకీగానే ఉంది. రావలసిన డబ్బును వేరే కాగితం మీద, ఎన్ని రోజులుగా ఆగిందో పక్కన వేసి రాయడం మంచిది. చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో రుసుము లేకుండా నమోదు చేసుకున్న చిన్న తయారీదారుకు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు సంబంధించిన 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ఒక రక్షణ ఇస్తున్నది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు తీసుకున్నవారు 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆపైన ఆలస్యానికి వడ్డీ కూడా ఇవ్వాలి. చిన్న దుకాణదారుతో మొదటే చట్టం మాట్లాడటం మన వ్యవహారంలో కుదరదు. కానీ ఆ గడువును బిల్లు మీద ముద్రించుకున్న తరువాత అడగడానికి నాకు మొహమాటం తగ్గింది.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. మిగిలిన 86,800ను లాభం అనుకోవద్దు. అందులో మీ కష్టం ఖరీదు ఉంది, అది ఎంతో ముందు తేల్చాలి. నేను గోడ క్యాలెండరు గడుల్లో ప్రతిరోజూ పని మొదలుపెట్టిన, ముగించిన సమయాలు రాసుకున్నాను. మీరు అలా రాసుకోకపోతే, మామూలు వారాలు రెండు, సీజను వారం ఒకటి తీసుకుని, ఏ రోజు ఎంతసేపు పనిచేశారో నిజాయితీగా అంచనా వేసి, దానిని ఏడాదికి విస్తరించండి. నా క్యాలెండరు కూడితే 1,450 గంటలు వచ్చాయి. పచ్చి కారం కొట్టించడానికి, పప్పు ఆడించడానికి కొన్న 24,000 రూపాయల గ్రైండరు అయిదేళ్ళు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 4,800 తరుగుదల. అది కూడా తీసివేస్తే మిగిలేది 82,000. దానిని గంటలతో భాగిస్తే నాకు గంటకు ముట్టింది 56 రూపాయల 50 పైసలు. వేసవిలో ముక్కలు తుడవడానికి నేను పిలిచిన అక్కకు రోజుకు ఎనిమిది గంటలకు 500 రూపాయలు ఇచ్చాను, అంటే గంటకు 62 రూపాయల 50 పైసలు. పెట్టుబడి పెట్టి, పాడైతే నష్టం భరించి, రాత్రి పదింటికి ఫోను ఎత్తే నాకు ఆమె కంటే గంటకు ఆరు రూపాయలు తక్కువ వచ్చింది. ఆమెకు ఎక్కువ ఇచ్చానని కాదు, ఆ కూలి ఆమెకు న్యాయంగా రావలసిందే. నా ధరల్లో నా కూలి కలపలేదన్న సంగతి ఈ లెక్క వేసేవరకు నాకు తెలియలేదు.

అందువల్ల ఏడాది లెక్కలో యజమానికి ఒక కూలి రేటు ముందే పెట్టండి. మీ పని తెలిసిన మరొకరిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత వేయండి. ఆ కూలి, సొంత పెట్టుబడి మీద బ్యాంకులో వచ్చేపాటి వడ్డీ పోయాక ఏమైనా మిగిలితే అది లాభం. ఏమీ మిగలకపోయినా వ్యాపారం చెడ్డదని తీర్మానించనక్కరలేదు, మొదటి ఏడాది చాలామందికి అలాగే ఉంటుంది. కానీ ఏది మార్చాలో వెతకడానికి అది ఆధారమవుతుంది.

ఆ వెతుకులాటలో తరువాతి మెట్టు, ప్రతి సరుకుకు విడివిడిగా గంటల లెక్క వేయడం. ముడిసరుకు, సీసా, కొరియర్ ఖర్చులు పోగా కిలో గోంగూర మీద నాకు 160 రూపాయలు, ఆవకాయ మీద 140, కందిపొడి మీద 190 మిగిలేవి. ఈ అంకెలను మాత్రమే చూస్తే గోంగూర ఆవకాయ కంటే మేలు. కానీ పది కిలోల గోంగూర పచ్చడికి కట్టలు విప్పి ఆకు గిల్లాలి, మట్టి పోయేదాకా మూడు నీళ్ళు కడగాలి, బట్ట మీద తడి ఆరేదాకా నీడన పరచాలి, నూనెలో కొద్దికొద్దిగా వేయించాలి. కూలికి వచ్చినవారి సాయం ఉన్నా నా సమయం 11 గంటలు పోతుంది. ఆవకాయకు ముక్కలు మార్కెట్లోనే కొట్టించుకుని వస్తే, జీడి తీసి తుడిచి కలపడానికి పది కిలోలకు మూడున్నర గంటలు చాలు. కందిపొడికి నాలుగు గంటలు. అంటే గంటకు గోంగూర 145 రూపాయలు ఇస్తే, ఆవకాయ 400, కందిపొడి 475 ఇస్తున్నాయి. నేను ఏడాదంతా గోంగూరను ముందుపెట్టి అమ్మాను. ఎక్కువమంది అడుగుతున్నారు కాబట్టి అదే నన్ను నిలబెడుతున్నదని అనుకున్నాను.

మరొక అంకె నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. 1,450 గంటల్లో తయారీకి పట్టినవి 430 మాత్రమే. మిగిలిన 1,020 గంటలు సరుకు కొనడానికి, సీసాలు కడిగి ఆరబెట్టడానికి, ప్యాకింగుకు, కొరియర్ దుకాణానికి వెళ్ళి రావడానికి, ఫోనుకు పోయాయి. వచ్చిన ఆర్డరును వచ్చిన రోజే పంపడం మంచి సేవ అని నమ్మి, ఒక్క పార్సిల్ కోసం మధ్యాహ్నం ఎండలో వెళ్ళి వచ్చిన రోజులు ఎన్నో ఉన్నాయి. మంగళ, శుక్రవారాల్లో మాత్రమే పంపుతామని మార్చిలో కొనుగోలుదారులకు తెలియజేశాను. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. మీ గంటలను కూడా ఇలా రెండు గుంపులుగా విడదీసి చూడండి. ధర పెంచకుండానే కూలి పెరిగే దారి సాధారణంగా రెండో గుంపులోనే ఉంటుంది.

చట్టానికి సంబంధించిన వాటిని కూడా ఈ రెండు రోజుల్లోనే సరిచూసుకోవాలి. వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది అమ్మకం 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మితే ఆ పరిమితి వర్తించదు. మొదటి జాడీ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. 2014 జూన్ 2 తరువాత గుంటూరు నుంచి హైదరాబాదుకు పంపే పచ్చడి రాష్ట్రాల మధ్య అమ్మకమే. సొంత ఊరికి పంపినట్టే అనిపించే ఆ పార్సిల్ విషయంలో నాకు ఈ తేడా చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మకం మీద కొద్ది శాతాన్ని జీఎస్టీగా కట్టే సులభమైన కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు కూడా వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. కాబట్టి మీ ఆర్డర్లను రాష్ట్రాలవారీగా విడదీసి, ఆ కాగితంతో ఆడిటరు గారిని కలవండి. ఆహార పదార్థాలు అమ్మేవారు సీసా మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 14 అంకెల సంఖ్య, తయారైన తేదీ, వాడదగిన గడువు, నికర బరువు, పదార్థాల జాబితా ఉన్నాయో లేదో ఒక సీసా చేతిలోకి తీసుకుని చదవాలి. ఆదాయపు పన్నుకు చిన్న వ్యాపారులు నగదు అమ్మకాల్లో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చినవాటిలో 6 శాతాన్ని ఆదాయంగా చూపే వీలు ఉంది. అది పన్ను కోసం వేసే అంచనా మాత్రమే, పైన వేసుకున్న సొంత లెక్కకు అది బదులు కాదు.

పాడైనవాటి గురించి ఒక పేజీ రాయండి, కారణంతో సహా. జూన్ మొదటి వారంలో కలిపిన ఒక జాడీ ఆవకాయ మీద ఇరవై రోజులకు తెల్లగా బూజు తేలింది. కాయ మంచిది కాదని అప్పట్లో మామిడి తోటవారిని తప్పుపట్టాను. చిట్టా తిరగేస్తే ఆ ముందు రోజు వాన పడిందని, జాడీని ఎండలో పెట్టలేకపోయానని నా చేతిరాతలోనే ఉంది. అదే రోజు తెచ్చిన కాయతో, ఎండిన మరో జాడీలో కలిపినది చక్కగా నిలిచింది. తప్పు కాయలో లేదు, జాడీ తడిలో ఉంది. తేదీ, జాడీ సంఖ్య రాసి ఉండకపోతే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. అప్పటి నుంచి ప్రతి జాడీకి ఒక సంఖ్య వేసి, ఆ సంఖ్యనే సీసాల మీద కూడా వేస్తున్నాను.

కొనేవారి పేర్లను ఒకసారి కొన్నవారు, మళ్ళీ కొన్నవారు అని రెండుగా రాసుకోండి. నా వద్ద 212 మంది కొంటే 74 మంది రెండోసారి అడిగారు. మళ్ళీ అడగనివారిలో పది మందికి ఫోను చేసి కారణం అడిగాను. కారం ఎక్కువైందని ముగ్గురు, సీసా నుంచి నూనె కారిందని నలుగురు చెప్పారు. నూనె కారిన సంగతి వారు నాకు అంతకుముందు చెప్పలేదు. మనవాళ్ళు మొహమాటంతో ఫిర్యాదు చేయరు, ఊరుకుంటారు. మూత కింద ఫాయిల్ సీలు వేయడానికి చిన్న యంత్రం కొనాలన్న నిర్ణయం ఆ నాలుగు ఫోన్లతోనే జరిగింది.

రెండో రోజు సాయంత్రానికి మార్పులు చాలా తోస్తాయి. ఒక్కరే చేసే పనిలో ఏడాదికి మూడు కంటే ఎక్కువ మార్పులు పెట్టుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. గోంగూర ధరను కిలోకు 480 నుంచి 600కు పెంచి, నెలకు ఒక్కసారే చేయడం, ఫాయిల్ సీలు వేయడం, వారానికి రెండు రోజులే పార్సిళ్ళు పంపడం నేను రాసుకున్న మూడు. వాటిని దీపావళి తరువాతి ఆదివారం మళ్ళీ చూడాలని క్యాలెండరులో గుర్తు పెట్టాను. ఆ తరువాత కొత్త చిట్టా తెరిచి, మొదటి పేజీలో తూచిన సరుకును ప్రారంభ నిల్వగా ఎక్కించాను. దాని కింద రావలసిన బాకీలు రాసి, మూడో వరుసలో నా కూలి గంటకు 100 రూపాయలని వేసుకున్నాను.