డిలీట్ అయిన ఫైళ్ల మీద కొత్త డేటా పడకుండా కాపాడుకోవడం ఎలా?

మెమరీ కార్డులోనో హార్డ్‌డిస్కులోనో ఒక ఫైలును డిలీట్ చేసినప్పుడు అందులోని సమాచారం సాధారణంగా అప్పటికప్పుడు చెరిగిపోదు. ఆ ఫైలు ఫలానా చోట ఉందని చెప్పే పట్టికలో నమోదు మారుతుంది, అది ఉన్న జాగా ఖాళీ అని రాసుకోబడుతుంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలోని పైరు మాయం కాదు. మరొకరు వచ్చి దున్నేదాకా అది అక్కడే ఉంటుంది. ఆ దున్నే పనిని ఆపడమే ఇక్కడ మన పని. రికవరీ సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా, ఒకసారి కొత్త డేటా పడిన చోట పాత డేటాను తిరిగి తేలేదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న ప్రశ్న తరువాతిది. ముందు ఆ పరికరం మీద రాయడం ఆగాలి.

అయితే కంగారు పడే ముందు ఫైలు నిజంగానే పోయిందా అన్నది చూడాలి. కంప్యూటర్ లోపలి డిస్కు నుంచి డిలీట్ చేసినవి మామూలుగా రీసైకిల్ బిన్‌లోకి వెళతాయి, కానీ విండోస్‌లో పెన్‌డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి అందులోకి వెళ్లకుండా నేరుగా పోతాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు నిలిచి ఉంటాయి. ఐఫోన్‌లోనూ ఇటీవల తొలగించిన ఫొటోలకు ప్రత్యేక ఆల్బమ్ ఉంది. అక్కడ దొరికితే మిగతాదేదీ అవసరం లేదు.

అన్నిటికంటే ఎక్కువ ఆశ ఉన్నది కెమెరా కార్డు విషయంలో. పెళ్లిలో జీలకర్ర బెల్లం ఘట్టం తీసిన కార్డును తలంబ్రాల వేళ పొరపాటున కెమెరాలో ఖాళీ చేశారనుకుందాం. ముహూర్తం ఆగదు గనుక అదే కార్డుతో షూటింగ్ కొనసాగించాలనిపిస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసే 4కే వీడియో ఒక నిమిషానికి దాదాపు 750 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. ఫొటో ఒక్కొక్కటి 10 మెగాబైట్లు అనుకుంటే, ఒక్క నిమిషం వీడియో 75 ఫొటోల మీద నుంచి వెళ్లిపోగలదు. అందువల్ల కెమెరాను ఆపి, కార్డు లైటు ఆరిందని చూసుకుని, కార్డు బయటికి తీసి, మిగతా కార్యక్రమానికి వేరే కార్డు వాడాలి. తీసిన ఫొటో ఎలా వచ్చిందో చూసేందుకైనా ఆ పాత కార్డును మళ్లీ కెమెరాలో పెట్టకూడదు.

తీసిన వెంటనే కార్డుకు తాళం వేయాలి. పెద్ద ఎస్‌డీ కార్డును లేబుల్ మీవైపు, కత్తిరించిన మూల కుడివైపు పైన ఉండేలా పట్టుకుంటే, ఎడమ అంచున చిన్న ప్లాస్టిక్ మీట కనిపిస్తుంది. దాన్ని గోటితో కిందికి జరిపితే లాక్ పడుతుంది. మైక్రో ఎస్‌డీ కార్డుకు ఈ మీట ఉండదు, దాన్ని పెట్టే అడాప్టర్‌కు ఉంటుంది. ఈ మీట కార్డు లోపలి సర్క్యూట్‌ను ఏమీ చేయదు, దాని స్థానాన్ని రీడర్ గమనించి గౌరవించాలి, అంతే. ఆ మీటను పట్టించుకోని రీడర్లు ఉంటాయి కనుక దాన్నొక్కదాన్నే నమ్ముకుని నిశ్చింతగా ఉండటం మంచిది కాదు. అయినా వేయడం మేలు. ఎందుకంటే కార్డు పెట్టిన క్షణంలోనే కంప్యూటర్ తనంతట తాను కొంత రాస్తుంది: మ్యాక్ అయితే స్పాట్‌లైట్ అనే తన వెతుకులాట సదుపాయపు సూచిక కోసం కనిపించని ఫోల్డర్లు సృష్టిస్తుంది, విండోస్ అయితే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డరును పెడుతుంది.

అదే సమయంలో తెర మీద వచ్చే సలహాలకు తల ఊపకూడదు. డ్రైవ్‌ను స్కాన్ చేసి సరిచేయమంటారా అని విండోస్ అడిగితే వద్దనాలి, ఫార్మాట్ చేయమంటారా అని అడిగినా వద్దనాలి. మరమ్మతు పని పట్టికలను తిరగరాస్తుంది, దొరికిన ముక్కలను తనకు తోచిన పేర్లతో కొత్త ఫైళ్లుగా రాసిపెడుతుంది. పట్టికను మాత్రమే ఖాళీ చేసే క్విక్ ఫార్మాట్ అయిపోయిన కార్డులో ఇంకా ఆశ ఉంటుంది. విండోస్ విస్టా నుంచి మాత్రం పూర్తి ఫార్మాట్ డిస్కు మొత్తం మీద సున్నాలు రాస్తుంది కాబట్టి, ఆ తరువాత రికవరీ గురించి మాట్లాడటం వృథా.

కంప్యూటర్ లోపలి హార్డ్‌డిస్కులో ఫైలు పోయినప్పుడు పని కాస్త కష్టం, ఎందుకంటే విండోస్ నడుస్తున్నంతసేపూ అదే డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. బ్రౌజర్ తెరిచిన ప్రతి పేజీ తాలూకు క్యాష్ (మళ్లీ త్వరగా చూపడానికి దాచుకునే నకలు), తాత్కాలిక ఫైళ్లు, వెనకాల దిగుతున్న అప్‌డేట్లు, లాగ్‌లు, ఇవన్నీ ఖాళీగా నమోదైన చోట్లనే వెతుక్కుంటాయి. చాలామంది చేసే పని ఏమిటంటే, వెంటనే బ్రౌజర్ తెరిచి, పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతికి, దాన్ని అదే డ్రైవ్‌లోకి దించి, అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయడం. కాపాడవలసిన ఫైలును చివరికి కాపాడే సాఫ్ట్‌వేరే తొక్కేసే అవకాశం అక్కడ ఉంది. ఫైలు పోయింది డీ డ్రైవ్ నుంచి అయితే, సాఫ్ట్‌వేర్‌ను సీ డ్రైవ్‌లో పెట్టుకోవడం వల్ల ఇబ్బంది లేదు. రెండింటి జాగాలు వేర్వేరు. పోయింది సీ డ్రైవ్ నుంచే అయితే ఆ కంప్యూటర్‌ను ఆపేయడమే సరైన మార్గం. తెరిచి ఉన్న ఇతర పత్రాలను పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసి, పోయిన ఫైలు అంతకంటే విలువైనదైతే పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి ఆపేయవచ్చు. అలా ఆపితే మరేదైనా ఫైలు చెడిపోయే ప్రమాదం కొంత ఉంటుంది. ఏది ఎక్కువ విలువైనదో తేల్చుకోవలసింది ఆ ఫైలు యజమానే.

ఆ తరువాత ఆ డిస్కును విప్పి యూఎస్‌బీ కేబుల్ ద్వారా మరో కంప్యూటర్‌కు తగిలించాలి. విప్పడం కుదరకపోతే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో కంప్యూటర్‌ను ప్రారంభించాలి. డిజిటల్ నేర పరిశోధకుల కోసం రూపొందించిన కెయిన్ అనే లైనక్స్‌లో డిస్కులు మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప రాయడానికి వీలుకాని రీతిలోనే తెరుచుకుంటాయి, అందుకే ఈ పనికి అది నాకు నచ్చుతుంది. డిస్కు నుంచి టకటకమనే శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ చేయకుండా కరెంటు తీసేసి, డేటా రికవరీ ల్యాబ్‌కు పంపడం మంచిది. ఆ స్థితిలో అది తిరిగే ప్రతి నిమిషం నష్టమే.

తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ విషయంలో ఇంత ధీమా పనికిరాదు. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఫైలు డిలీట్ కాగానే ఆ జాగా ఇక అక్కరలేదని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ అనే ఆదేశం వెళుతుంది. చాలా ఎస్‌ఎస్‌డీలు ఆ కబురు అందిన వెంటనే ఆ భాగాన్ని చదివితే సున్నాలే చూపిస్తాయి, తరువాత తీరిక చూసుకుని లోపలి చిప్‌లను నిజంగానే శుభ్రం చేస్తాయి. అంటే మనం ఏమీ రాయకపోయినా, కరెంటు ఉంటే చాలు, డ్రైవ్ తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి డేటా నిజంగా విలువైనదైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆపేసి ల్యాబ్‌కు ఇవ్వాలి, అప్పుడు కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ఎస్‌ఎస్‌డీని లోపల పెట్టి యూఎస్‌బీ ద్వారా తగిలించే పాత రకం బాక్సులు కొన్ని ట్రిమ్‌ను దాటనివ్వవు. వాటిలో అదృష్టం కలిసిరావచ్చు.

ఫోన్ లోపలి మెమరీ ఇంకా మొండిది. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ఫోన్లన్నిటిలో ఫైళ్లు గుప్తీకరించి ఉంటాయి, ఫైలుతో పాటు దాని తాళం చెవి కూడా పోతుంది. రూట్, అంటే ఫోన్ మీద పూర్తి అధికారం, లేకుండా అన్నీ వెనక్కి తెస్తామని చెప్పే యాప్‌లు చాలావరకు చూపించేది క్యాష్‌లో మిగిలిన చిన్న బొమ్మలను మాత్రమే. ఫోన్‌లో విడిగా పెట్టిన మైక్రో ఎస్‌డీ కార్డు సంగతి వేరు. అది ఫోన్ మెమరీలో కలిపేసినది కాకపోతే, వెంటనే తీసి పైన కెమెరా కార్డుకు చెప్పిన దారిలోనే నడవాలి.

పరికరం చేతికి భద్రంగా వచ్చాక నేరుగా దాని మీద వెతకడం మొదలుపెట్టకుండా, ముందు మొత్తం డిస్కుకు బైటు బైటుగా నకలు, అంటే ఇమేజ్ తీసుకోవాలి. 64 గిగాబైట్ల కార్డులో ఫైళ్లు ఏమీ కనిపించకపోయినా దాని ఇమేజ్ దాదాపు 64 గిగాబైట్లే ఉంటుంది కనుక అంతకంటే ఎక్కువ ఖాళీ ఉన్న వేరే డిస్కు కావాలి. లైనక్స్‌లో గ్నూ డీడీరెస్క్యూ అనే సాధనం ఇందుకు చాలా నమ్మకమైనది. చదవడానికి మొరాయించే చోట్లను ముందు వదిలేసి, బాగున్న భాగాలను మొదట తెచ్చుకుని, మిగిలిన వాటి కోసం తరువాత తిరిగి వస్తుంది. దానికి ఆదేశం ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రెండుసార్లు సరిచూసుకోవాలి. రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి కార్డు మీద పడుతుంది.

ఇక వెతుకులాటంతా ఆ ఇమేజ్ మీదనే సాగాలి. ఉచితంగా దొరికే ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ పట్టికలను పట్టించుకోకుండా, జేపెగ్ ఫొటో ఎప్పుడూ ఒకే రకమైన బైట్లతో మొదలవుతుంది అన్న ఆధారంతో ఫైళ్లను పట్టుకుంటుంది, అందువల్ల పాత పేర్లు, ఫోల్డర్లు రావు. ఒకే చోట వరుసగా రాసిన ఫొటోలు బాగా దొరుకుతాయి. ముక్కలు ముక్కలుగా పడిన పెద్ద వీడియోలే ఇబ్బంది పెడతాయి. దొరికినవాటిని ఎప్పుడూ వేరే డిస్కులోనే సేవ్ చేయాలి. ఫైలు పేరు, సైజు కనిపించాయని సంతృప్తి పడకుండా ఫొటోలను పూర్తి సైజులో తెరిచి చూడాలి, వీడియోలను మొదటి నుంచి చివరిదాకా నడిపించాలి. కావలసినవన్నీ మరో రెండు చోట్ల భద్రపరిచి, పెళ్లివారు ఆల్బమ్ చూసి సరేనన్నాక మాత్రమే ఆ కార్డు లాక్ మీటను పైకి జరపాలి.