దీక్షితుల నొట్టుస్వరాలను బృందంతో పాడించాలంటే

మద్రాసు కోటలో బ్యాండు వాయించిన పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలంటే అవే, సుమారు 40. పిల్లల పాఠాల్లో వినిపిస్తాయి గాని వేదికెక్కేది అరుదు. బృందగానానికి మాత్రం ఇంత చక్కగా అమరేవి ఇంకేవీ లేవు. తోడి రాగంలో కృతి ఎత్తుకుంటే ఇరవైమంది గమకం (స్వరాన్ని ఊపే తీరు) ఇరవై రకాలుగా ఊగుతుంది. నొట్టుస్వరాలన్నీ శంకరాభరణ రాగ స్వరాలే, స్వరం కదలకుండా నిలబడుతుంది.

12 మంది ఆడవాళ్లు, 8 మంది మగవాళ్లు, 4 వయొలిన్లు, 2 వేణువులు, ఒక చెల్లో (మంద్రంగా మోగే పెద్ద వయొలిన్), ఒక మృదంగం చాలు. చెల్లో దొరక్కపోతే కీబోర్డు. ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన విజయనగరంలో వయొలిన్‌కు లోటుండకూడదు!

ముందు శ్రుతి తేల్చుకోండి. ఆడవాళ్లకు 5 (హార్మోనియం మీద G), మగవాళ్లకు 1 (C) అలవాటు. అందరికీ 1 పెట్టి, ఆడవాళ్లను ఒక స్థాయి పైన పాడించండి. ‘సంతతం పాహిమాం’ మంద్ర నిషాదం నుంచి మధ్యస్థాయి ధైవతం దాకానే తిరుగుతుంది. ఆ ధైవతం ఆడవాళ్లకు తమ 5 శ్రుతిలో తారస్థాయి రిషభమే, గొంతుకు ఇబ్బంది ఉండదు. మృదంగం కూడా 1 శ్రుతిదే కావాలని ముందే చెప్పాలి.

తాళం తప్పేది కూడా ఈ పాటలోనే. బ్రిటిష్ రాజగీతం బాణీ ఇది, తిశ్రంలో, అంటే మూడేసి దెబ్బల లెక్కలో నడుస్తుంది. మొదటి భాగం 6 ఆవర్తాలు, రెండోది 8. ఎనిమిది దెబ్బల ఆదితాళం నరనరాన ఇంకినవాళ్లు మొదటి భాగాన్నీ ఎనిమిదికి లాగుతారు, మృదంగం ఒకచోట, పాట ఒకచోట పడతాయి. మొదటి వారమంతా సాహిత్యం వద్దు, చేత్తో తాళం వేస్తూ స్వరాలే పాడించండి.

‘శ్యామళే మీనాక్షి’ది ట్వింకిల్ ట్వింకిల్ బాణీ: స స ప ప ద ద ప. షడ్జం నుంచి పంచమానికి గెంతాలి. మనవాళ్లు గాంధార మధ్యమాల మీదుగా జారతారు. పంచమం దగ్గర ‘త’ అని విడిగా పలికిస్తే జారుడు పోతుంది.

చెల్లో, వయొలిన్లు కింద వేరే స్వరాలు పట్టేలా రాసుకుంటే ఆ పాటకు తంబురా ఆపేయండి. కింద మధ్యమం మోగుతున్నప్పుడు తంబురా పంచమం దానితో ఢీకొంటుంది, వినేవాళ్లకు అపశ్రుతి అనిపిస్తుంది. అందరూ ఒకే వరుస పాడే పాటలకు తంబురా ఉంచాలి.

ఒక్కొక్కటి ఒకటి రెండు నిమిషాలే. ఎనిమిది వరుసగా పెడితే ఒకే రాగం చెవికి విసుగు. ఒకటి ఆడవాళ్లే, ఒకటి వేణువులే, ఇలా మార్చండి.

విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనైనా, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనైనా మనిషికో మైకు పెట్టనివ్వకండి. ముందు వరుసకు మీటరు దూరంలో, తల ఎత్తుకు పైన నాలుగు చాలు. మైకుల దగ్గరి ఫ్యాన్లు ఆపించండి. కరెంటు పోతే శ్రుతి పోకుండా ఎలక్ట్రానిక్ తంబురాలో కొత్త బ్యాటరీలు వేసుకోండి.