బోర్డో ఎర్ర వైన్ – 3వ పాఠం: వగరు

రంగు చూడటం, వాసన పట్టడం గత రెండు పాఠాల్లో అయ్యాయి. ఈసారి నోటితో పని.

అంతకంటే ముందు సీసా చల్లదనం సంగతి. ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలని అంటుంటారు. ఆ మాట పుట్టింది ఐరోపాలోని చల్లని ఇళ్లలో. దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో విజయవాడ ఇంటికి అది వర్తించదు. సీసాను గంటకు పైగా ఫ్రిజ్‌లో ఉంచి తీయండి. వేడెక్కిన వైన్‌లో ఆల్కహాలు ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు.

ఇప్పుడు చిన్న గుక్క తీసుకుని, మింగకుండా నోరంతా నెమ్మదిగా తిప్పండి. నాలుకను వదిలేసి చిగుళ్లను, బుగ్గల లోపలి వైపును గమనించండి. తడి ఆరిపోయి, బిగుసుకున్నట్టు ఉంటుంది. నేరేడు పండు తిన్నప్పుడు, వక్క నమిలినప్పుడు కలిగేది ఇదే. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తెచ్చే వగరు. షడ్రుచుల్లో దానికి చోటిచ్చిన భాష మనది కాబట్టి, ఈ పాఠం మనకు సగం వచ్చినట్టే.

వగరును చేదుతో కలపకండి. చేదు రుచి, వగరు స్పర్శ. ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకోవడంతో నోటిలోని జారుడుతనం పోతుంది. 225 లీటర్ల ఓక్ పీపాల్లో నిలవ ఉంచితే ఆ చెక్క కూడా కొంత వగరు ఇస్తుంది.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో ద్రాక్ష రకాలను కలపడం వెనుక ముఖ్యంగా ఉన్నది ఈ వగరే. కాబర్నే సోవిన్యాన్ పండు చిన్నది, తొక్క మందం, అందుకే బిగువు ఎక్కువ. మెర్లో మెత్తన, కండగలది. జిరోండ్ నదీముఖం ఎడమ గట్టున మెడాక్ ప్రాంతపు గులకరాళ్ల నేల వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి, ఆలస్యంగా పండే కాబర్నేకు అది అనువు. కుడివైపు సెంట్ ఎమిలియన్, పోమెరోల్‌లలో బంకమట్టి, సున్నపురాయి నేలల మీద, ముందే పండే మెర్లోదే పెద్ద వాటా. వాతావరణం ఒక రకాన్ని దెబ్బతీసిన ఏడాది రెండోది ఆదుకుంటుంది. వందల ఏళ్ల రైతు జాగ్రత్త మన గ్లాసులో ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సాధన: పాలు, చక్కెర లేని టీ రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో ఆకు రెండు నిమిషాలు, రెండోదానిలో ఎనిమిది నిమిషాలు నానాలి. రెండింటినీ మార్చి మార్చి తాగి, తేడాను మీ మాటల్లో రాసుకోండి. ఆ తర్వాత మెడాక్, సెంట్ ఎమిలియన్ వైన్లను పక్కపక్కన పెట్టి అలాగే చేయండి. మధ్యలో కారం వేయని వేట మాంసం ముక్క ఒకటి తిని మళ్లీ గుక్క తీసుకోండి. వగరు ఎంత లొంగుతుందో చూడండి. మిరపకారం మాత్రం వద్దు, అది ఆల్కహాలు మంటను పెంచుతుంది.

వచ్చే పాఠం పాత వైన్ గురించి. పదేళ్లు దాటిన సీసా మీ దగ్గర ఉంటే ముందు రోజే నిలబెట్టి ఉంచండి. మడ్డి అడుక్కి దిగాలి.