ఆడవాళ్ళ నిరుద్యోగం లెక్కలు దేశాల మధ్య పోల్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

"ఫలానా దేశంలో ఆడవాళ్ళ నిరుద్యోగం 3 శాతమే, ఇంకో దేశంలో 9, కాబట్టి మొదటిదే నయం" అని ఎవరైనా పోస్ట్ పెడితే వెంటనే నమ్మేయకండి. ముందు చిన్న లెక్క వేసుకోండి. 100 మంది ఆడవాళ్ళలో 30 మంది పని చేస్తున్నారు, ముగ్గురు వెతుక్కుంటున్నారు అనుకుందాం, అప్పుడు ఈ ఇద్దరు రకాలూ కలిపిన 33లో 3 అంటే నిరుద్యోగం 9 శాతం. ఆ ముగ్గురిలో ఇద్దరు విసిగిపోయి వెతకడం మానేస్తే వాళ్ళని నిరుద్యోగులుగా లెక్కపెట్టరు, 31లో ఒక్కరే మిగులుతారు, రేటు 3 శాతానికి పడిపోతుంది. ఎవ్వరికీ ఉద్యోగం రాలేదు కానీ గ్రాఫ్ మాత్రం బాగుపడినట్టు కనిపిస్తుంది! అందుకే నేనెప్పుడూ ముందు లేబర్ ఫోర్స్ పార్టిసిపేషన్ రేటే తీస్తాను, అంటే పని చేసేవాళ్ళు, వెతికేవాళ్ళు కలిపి పని వయసు జనాభాలో (మామూలుగా 15 ఏళ్ళు, ఆపైన) ఎంత శాతమో, ఆ తర్వాతే నిరుద్యోగం జోలికెళ్తాను.

డేటా వరల్డ్ బ్యాంక్ సైట్‌లో, ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) వాళ్ళ ఐఎల్ఓ స్టాట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఒకే సూచికకి "మోడల్డ్ ఐఎల్ఓ అంచనా" (దేశాల మధ్య పోల్చడానికి ఐఎల్ఓ సరిచేసి వేసిన లెక్క), "నేషనల్ అంచనా" (ఆ దేశం సొంత లెక్క) అని రెండు రకాలుంటాయి, అన్ని దేశాలకీ ఒకే రకం తీసుకోండి, ఒకదానికి అదీ ఇంకోదానికి ఇదీ తీస్తే పోలికే చెడిపోతుంది.

వయసు కూడా చూడండి. జపాన్‌లో 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళందరినీ తీసుకుంటే పార్టిసిపేషన్ 55 శాతం దగ్గరే ఉంటుంది, అదే 15-64 తీసుకుంటే 70 దాటిపోతుంది, ఎందుకంటే అక్కడ పెద్దవయసు వాళ్ళు చాలామంది. అందుకే ముసలివాళ్ళు ఎక్కువున్న దేశాన్ని కుర్రదేశంతో పోల్చేటప్పుడు 25-54 తీసుకోవడం మంచిది.

అసలు చిక్కు నిర్వచనంలో ఉంది. నేపాల్‌నే చూడండి, 2008 సర్వేలో ఆడవాళ్ళ పార్టిసిపేషన్ దాదాపు 80 శాతం, 2017-18 సర్వేలో 26.3. పదేళ్ళలో అంతమంది ఇంట్లో కూర్చున్నారా? కాదు, 2013లో అంతర్జాతీయంగా నిర్వచనం మారింది, ఇంట్లో తినడానికే పండించుకునే పనిని ఉద్యోగంగా లెక్కపెట్టడం మానేశారు. పొలంలో నడుం వంచే ఆడమనిషి పొలంలోనే ఉంది, లెక్కలోంచి మాత్రం బయటికొచ్చేసింది. కాబట్టి గీత ఒక్కసారిగా కిందకో పైకో దూకితే ముందు సర్వే మారిందేమో చూడండి.

మా అమ్మ సంగతి చెప్తా. తెల్లవారకముందే లేచి రెండు గేదెలకి గడ్డి వేసి, పేడ తీసి, పాలు పితికి కేంద్రానికి పంపిస్తుంది, సర్వేకి వచ్చినాయన మీరేం చేస్తారమ్మా అని అడిగితే "ఏం లేదయ్యా, ఇంట్లోనే ఉంటా" అంటుంది. మన ప్రభుత్వ లేబర్ సర్వే పీఎల్ఎఫ్ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే)లో ఒక్కో రకం పనికి ఒక్కో కోడ్ ఉంటుంది. సర్వే మనిషి అక్కడితో ఆగిపోతే 92 కోడ్, అంటే ఇంటి పని మాత్రమే. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి గేదెల దాకా వెళ్తే 21, కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. మనిషి అదే, పని అదే, మొదటి కోడ్‌లో లేబర్ ఫోర్స్ బయట, రెండో కోడ్‌లో లోపల.

ఇప్పుడు ట్రెండ్. మగవాళ్ళ పార్టిసిపేషన్ రేటులోంచి ఆడవాళ్ళ రేటు తీసేసి ఆ గ్యాప్‌ని ఏడాదివారీగా గీయండి, విడివిడి అంకెల కంటే అదే ఎక్కువ చెప్తుంది. మన పీఎల్ఎఫ్ఎస్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళ లెక్క చూస్తే 2017-18లో మగవాళ్ళు 75.8 శాతం, ఆడవాళ్ళు 23.3, గ్యాప్ 52.5. 2023-24కి 78.8, 41.7, గ్యాప్ 37.1కి తగ్గింది, చాలా పెద్ద మార్పు. కానీ అక్కడే ఆగకండి, ఏ రకం పని అనే టేబుల్ కూడా తెరవండి. 2023-24లో పని చేస్తున్న ఆడవాళ్ళలో 67.4 శాతం స్వయం ఉపాధి, అందులో మళ్ళీ సగానికి పైగా, అంటే పని చేసే ఆడవాళ్ళందరిలో 36.7 శాతం, జీతం లేని సహాయకులే, మా అమ్మలాంటి వాళ్ళు. వేరే దేశం పక్కన మన 41.7 పెట్టేటప్పుడు ఆ దేశంలో నెలజీతం వచ్చే ఆడవాళ్ళ శాతం ఎంతో, మనదెంతో ఇంకో కాలమ్‌లో తప్పకుండా రాయండి.