ఈస్ట్ వేసే ముందు: ఒరిజినల్ గ్రావిటీ కొలతలో జాగ్రత్తలు

మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి సారంతో) ఇంట్లో బీరు కాచే కొత్తవారికి ఒరిజినల్ గ్రావిటీ (పులియకముందు ద్రవం నీటికన్నా ఎంత సాంద్రంగా ఉందో చెప్పే అంకె) తక్కువగా కనిపిస్తే, చాలాసార్లు లోపం బీరులో ఉండదు, కొలతలో ఉంటుంది.

• ముందు హైడ్రోమీటర్‌నే (ద్రవంలో తేలుతూ ఈ అంకెను చూపే పరికరాన్నే) అనుమానించండి. దాని మీద రాసిన ఉష్ణోగ్రతలో (ఎక్కువగా 20 డిగ్రీల సెల్సియస్) డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే 1.000 చూపాలి. 0.998 చూపితే ప్రతి కొలతకూ 0.002 కలుపుకోవాలి.

• అసలు దోషి సాధారణంగా పరిమాణం సరిచేయడానికి చివర్లో పోసిన నీరే. చిక్కటి వర్ట్ (ఇంకా పులియని తీపి మాల్ట్ ద్రవం) అడుగుకు చేరుతుంది, నీరు పైన నిలుస్తుంది. పైనుంచి నమూనా తీస్తే రీడింగ్ పడిపోతుంది. అడుగు కుళాయి నుంచి తీస్తే నమ్మలేనంత పెరుగుతుంది. క్రిమిరహితం చేసిన పొడవాటి గరిటెతో అడుగు నుంచి పైకి కొన్ని నిమిషాలు గట్టిగా కలపండి. నాలుగు తిప్పులు తిప్పి కలిసిపోయిందనుకోవద్దు. వర్ట్ చల్లారి ఉంటే నురగ వచ్చినా మంచిదే, ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాలి.

• వేడి మీద కొలవవద్దు. 20 డిగ్రీలకు తయారైన పరికరం 40 డిగ్రీల వర్ట్‌లో సుమారు 0.006 తక్కువ చూపుతుంది.

• బకెట్ మీది లీటర్ల గీతలను గుడ్డిగా నమ్మకండి, కొలిచిన నీటితో సరిచూడండి. 20 లీటర్లకు 1.050 రావలసిన వర్ట్ 23 లీటర్లయితే 1.043 దగ్గర ఆగుతుంది.

• డబ్బాకు అంటిన ఎక్స్‌ట్రాక్ట్‌ను వేడినీటితో కడిగి అందులోనే పోయండి.

• కంగారుపడి చక్కెర కలపవద్దు. ఎక్స్‌ట్రాక్ట్ మొత్తం పడి, పరిమాణం సరిపోయిందంటే రీడింగ్ ఏమి చూపినా రెసిపీ లెక్కనే నమ్మి ఈస్ట్ వేయండి. తీసిన నమూనాను మాత్రం తిరిగి బకెట్‌లో పోయకండి.