పడిపోయిన సైటును లేపడం, 3వ పాఠం: లింకుల చెత్త, గూగుల్‌కి అర్జీ

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? సెర్చ్ కన్సోల్ (మన సైటు గూగుల్‌లో ఎలా ఉందో మనకి చూపించే గూగుల్ పనిముట్టు) తెరిచి, ఎడమ పక్క కిందికి వెళ్తే ‘మాన్యువల్ యాక్షన్స్’ అని ఉంటుంది, అంటే గూగుల్ మనుషులు చూసి వేసిన శిక్షలు, అందులో ఏముందో ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోమన్నాను. సమస్యలేమీ లేవని పచ్చ టిక్కు కనిపిస్తే ఈ పాఠంలో సగం మీకు అక్కర్లేదు. మీ సైటు మీద పడింది మనిషి చెయ్యి కాదు, చాలావరకు అల్గారిథం (గూగుల్ యంత్రం తనంతట తను వేసే లెక్క) దెబ్బ, దానికి అర్జీ పెట్టుకునే చోటే లేదు. ‘అన్‌నేచురల్ లింక్స్ టు యువర్ సైట్’ (మీ సైటుకి అసహజమైన లింకులు) అన్న లైను కనిపించినవాళ్లు మాత్రం టీ పెట్టుకుని కూర్చోండి, ఇవాళ్టి పని ఒక పూటలో తేలేది కాదు.

కొత్తగా చేరినవాళ్లకి ఒక మాట. మనం పాఠానికి పట్టుకున్న సైటు గుంటూరు బ్రాడీపేటలో ఒకాయనది. కండోములు, లూబ్రికెంట్లు, లోదుస్తులు అమ్ముతాడు, దాంతోపాటు కొత్తగా పెళ్లయినవాళ్ల సందేహాలకి జవాబులుగా కొన్ని వ్యాసాలున్నాయి. పెద్దల సైటే, కానీ బూతు సైటు కాదు. ఈ తేడా నేను పని ఒప్పుకునే ముందే తేల్చుకుంటాను, ఎందుకంటే మన దేశంలో అశ్లీలం ఆన్‌లైన్లో పెడితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్లున్నాయి, 67ఏ కింద మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. అలాంటి సైటుకి ర్యాంకులు తెప్పించమని విజయవాడ దాకా వచ్చినవాళ్లకి ఏలూరు రోడ్డులో టీ తాగించి పంపేశాను.

సరే, దెబ్బ ఎలా తగిలిందో చూద్దాం. మా అన్న (ఆ సైటు యజమానే, నాకంటే పెద్దాయన, అందుకని అన్నా అంటాను) నా దగ్గరికి రాకముందు ఎవరికో నెలనెలా డబ్బు కట్టాడు. మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ అన్నారట. నిజంగానే వచ్చింది. కొన్నాళ్లు బానే ఉంది. తర్వాత ఒకరోజు పొద్దున్నే ఫోను, “ఏంది తమ్ముడూ, మన షాపు పేరు మొత్తం కొట్టినా రావట్లా, ఎవడన్నా చేతబడి చేశాడా?” చేతబడి కాదన్నా, చేసింది నువ్వు డబ్బిచ్చి పెట్టుకున్నవాళ్లే అని చెప్పడానికి నాకు వారం పట్టింది.

వాళ్లు చేసింది పాత పనే. డబ్బిచ్చి వందల సైట్లలో మన లింకు పెట్టించారు. ఒక సైటుకి బయటి లింకులు ఎన్నొస్తే దానికి అంత పరపతి ఉందని గూగుల్ మొదట్నించీ లెక్కేసుకుంటుంది, అందుకే ఆ పరపతిని కొనుక్కునే వ్యాపారం పుట్టింది. 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అన్న అప్‌డేట్ వచ్చి ఇలాంటి సైట్లను ఒక్క దెబ్బకి కింద పడేసింది. 2016 సెప్టెంబర్లో అది అసలు అల్గారిథంలోనే కలిసిపోయింది. అప్పట్నించి చాలావరకు చెత్త లింకుల్ని గూగుల్ తనంతట తను లెక్కలోంచి తీసేస్తుంది, సైటు మొత్తాన్ని ముంచదు. అలాంటిది మాన్యువల్ యాక్షన్ దాకా వచ్చిందంటే ఒక మనిషి కూర్చుని, మీ లింకులు చూసి, ఇది కావాలని చేసిన పని అని నిర్ణయించాడన్నమాట. మనం ఒప్పించాల్సింది కూడా మనిషినే. ఈ ముక్క గుర్తుంచుకోండి, అర్జీ దగ్గర పనికొస్తుంది.

ఇక పనిలోకి. సెర్చ్ కన్సోల్‌లో ‘లింక్స్’ అన్న రిపోర్టు ఉంటుంది, అందులోంచి ఎక్స్‌పోర్ట్ కొట్టి షీటులోకి దించుకోండి. తాజా లింకుల జాబితా, నమూనా లింకుల జాబితా రెండూ దించండి. ఒకే సైటు నుంచి వెయ్యి లింకులున్నా అది ఒక్క లైనే అయ్యేలా డొమైన్ల వారీగా కుదించండి, లేకపోతే లెక్క చూసి గుండె ఆగిపోతుంది. తర్వాత షీటులో నాలుగు గళ్లు: లింకు మీద ఏ మాటలున్నాయి, అది మనం పెట్టించిందా దానంతటది వచ్చిందా, తీసెయ్యమని ఎప్పుడు మెయిలు పెట్టాం, వాళ్లేమన్నారు.

మొదటి గడి దగ్గర కాసేపు ఆగాలి. మామూలుగా ఒకరు మన గురించి రాస్తే లింకు మీద షాపు పేరు ఉంటుంది, లేకపోతే ‘ఇక్కడ చూడండి’ అని ఉంటుంది. కొన్న లింకు మీద సరుకు పేరుంటుంది. వంట సైటులో, క్రికెట్ స్కోర్ల సైటులో, ఏదో దేశపు ప్లంబింగ్ కంపెనీ సైటు అడుగున ‘కండోమ్స్ ఆన్‌లైన్ గుంటూరు’ అని అక్షరం తేడా లేకుండా అదే మాట, యాభై చోట్ల. ప్లంబరుకి మన కండోములతో పనేంటి? చూసే మనిషికి అనుమానం రాకుండా ఉంటుందా?

పెద్దల సైట్లకి ఇంకో తలనొప్పి ఉంది. ఈ రకం సైట్లు ఒకదాని అడుగున ఒకటి లింకులు ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పట్నించో ఉన్న అలవాటు, మామూలు సైట్లు వీటికి లింకివ్వడానికి సిగ్గుపడతాయి కాబట్టి. అలా వచ్చినవి, వాటితోపాటు ఎవరో మన పేజీలు కాపీ కొట్టి బూతు సైట్లలో అతికించుకున్నవి, అన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. చూడగానే అసహ్యంగా ఉన్నవన్నీ దోషాలు అనుకోకండి. కాపీ కొట్టినవాళ్ల లింకుల్ని గూగుల్ చాలావరకు పట్టించుకోదు. మీరు వెతకాల్సింది మీ డబ్బుతోనో మీ ఒప్పందంతోనో వచ్చినవి, అవి చూడ్డానికి చాలా మర్యాదగా ఉంటాయి.

జాబితా తేలాక మెయిళ్లు. పొడుగ్గా వద్దు: ఈ పేజీలో ఈ లింకు ఉంది, దయచేసి తీసెయ్యండి, తీయలేకపోతే దానికి ‘నోఫాలో’ గానీ ‘స్పాన్సర్డ్’ గానీ తగిలించండి (ఈ లింకుని పరపతి లెక్కలో వెయ్యొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తులు), అంతే. సగం మంది పలకరు. కొందరు తీసెయ్యడానికి డబ్బడుగుతారు, పెట్టడానికి తీసుకున్నది చాలదన్నట్టు! మేం ఎవరికీ ఇవ్వలేదు, షీటులో ‘డబ్బడిగారు’ అని రాసుకుని ముందుకెళ్లాం. పాత ఏజెన్సీ మెయిళ్లు, బిల్లులు ఉంటే తవ్వి తీయండి, ఏ లింకు ఎప్పుడు కొన్నారో వాటిలోనే దొరుకుతుంది. మా అన్న బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టుకునే మనిషి కావడం మాకు కలిసొచ్చింది.

ఎంత మొత్తుకున్నా తీయనివాటికి డిసావో, అంటే ఈ లింకుల్ని మా లెక్కలో వెయ్యొద్దని గూగుల్‌కి ఒక జాబితా ఇవ్వడం. ఈ పనిముట్టు సెర్చ్ కన్సోల్ మెనూలో కనిపించదు, దానికి విడిగా పేజీ ఉంది, గూగుల్‌లో ‘డిసావో లింక్స్’ అని కొడితే వస్తుంది. ఇంకో చిక్కు: మీరు సెర్చ్ కన్సోల్‌లో సైటుని ‘డొమైన్ ప్రాపర్టీ’గా చేర్చుకుని ఉంటే ఇది పనిచెయ్యదు, ‘యూఆర్ఎల్ ప్రిఫిక్స్’ పద్ధతిలో (సైటు పూర్తి అడ్రసు ఇచ్చి) ఇంకోసారి చేర్చుకోవాలి. నేను ఒక సాయంత్రమంతా దీనికే పోగొట్టుకున్నాను. ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, లైనుకి ఒకటి. సైటు మొత్తాన్ని వదిలించుకోవాలంటే డొమైన్ అన్న ఇంగ్లీషు మాట, కోలన్, ఖాళీ వదలకుండా సైటు పేరు. ముందు హ్యాష్ గుర్తు పెడితే ఆ లైను మన సొంత నోటు. 2 ఎంబీ, లక్ష లైనులు దాటకూడదు, అంత అవసరం పడితే మీ కష్టాలు వేరే.

నా బుద్ధి తక్కువ పని ఒకటి చెప్తాను, మీరు చెయ్యకండి. ఉచితంగా బ్లాగులు పెట్టుకోనిచ్చే ఒక వేదిక మీద మాకు ఐదారు చెత్త లింకులున్నాయి. విడివిడిగా రాయడానికి బద్ధకించి ఆ వేదిక పేరే ఫైల్లో రాసేశాను. డొమైన్ అని రాస్తే దాని కింద ఉన్న సబ్‌డొమైన్లన్నీ (ఆ పేరుకి ముందు ఇంకో పేరు తగిలించుకున్న సైట్లన్నీ) పోతాయి. అక్కడే ఒక లేడీ డాక్టరు గారు మా వ్యాసాన్ని మెచ్చుకుని మనస్ఫూర్తిగా ఇచ్చిన లింకూ ఉంది, ఉన్నవాటిలో బంగారంలాంటిది, అదీ పోయింది. కొత్త ఫైలు ఎక్కిస్తే పాతది పోయి కొత్తదే లెక్కలోకి వస్తుంది కాబట్టి సరిదిద్దుకున్నాను, కానీ గూగుల్ ఆ పేజీలు మళ్లీ చూసేదాకా వారాలు పట్టింది.

ఇప్పుడు అర్జీ. దీన్ని ‘రీకన్సిడరేషన్ రిక్వెస్ట్’ అంటారు, మాన్యువల్ యాక్షన్స్ పేజీలోనే బటన్ ఉంటుంది. మేం మొదటిసారి రాసింది ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చుకునే విన్నపంలా ఉంది: మాది చిన్న వ్యాపారం, ఇద్దరు పిల్లలు, తప్పు మాది కాదు, ఎవరో మమ్మల్ని మోసం చేశారు, దయతలచండి. తిప్పికొట్టారు. లింకులు ఇంకా ఉన్నాయని నమూనాగా రెండు చూపించారు కూడా. కోపమొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే న్యాయమే, మేం మా బాధ రాశాం తప్ప పని రాయలేదు.

రెండోసారి ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది: “మేం ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఒక ఏజెన్సీకి డబ్బిచ్చి లింకులు కొన్నాం. అది మీ నియమాలకి విరుద్ధం, బాధ్యత మాదే. వాళ్లతో ఒప్పందం ఆపేశాం. కొన్న లింకుల జాబితా ఈ షీటులో ఉంది, ఎవరికి ఎప్పుడు మెయిలు పెట్టాం, ఎవరు తీశారు, ఎవరు తీయలేదు అన్నది పక్కనే ఉంది. తీయనివాటిని ఫలానా తేదీన డిసావో చేశాం.” షీటు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు ఉన్న ఎవరైనా చూసేలా అనుమతి ఇచ్చి, ఆ లింకు అతికించాం. పిల్లల ప్రస్తావన తీసేశాం. ఏజెన్సీని తిట్టలేదు, మా అన్నకి అది చాలా కష్టమనిపించింది. ఏం చేశాం, ఎలా సరిచేశాం, రుజువేది, ఈ మూడే చదివే మనిషికి కావాలి.

పంపాక అందిందని ఒక మెయిలు వస్తుంది, ఫలితం చెప్పే మెయిలు తర్వాత వస్తుంది, మధ్యలో రోజులు పట్టొచ్చు, లింకుల కేసైతే వారాలు కూడా. మొదటిదానికి జవాబు రాకముందే ఇంకోటి పంపకండి.

ఈ ఎదురుచూపుల్లోనే ఒక తమాషా జరిగింది. ఒక మధ్యాహ్నం అన్న ఫోను చేసి “అయిపోయింది తమ్ముడూ, ఒక్క పేజీ కూడా లేదు, మొత్తం పీకేశారు” అని ఒకటే టెన్షన్. నా ఫోన్లో చూస్తే పేజీలన్నీ ఉన్నాయి. ఎక్కడున్నావన్నా అంటే, కూతురి ఫీజు కట్టడానికి కాలేజీకొచ్చా, ఇక్కడి వైఫైలో చూశా అన్నాడు. కాలేజీ నెట్‌వర్కుల్లో సేఫ్‌సెర్చ్‌ని (పెద్దల సరుకుని ఫలితాల్లోంచి దాచేసే గూగుల్ జల్లెడ) అందరికీ కలిపి బిగించేసే వీలుంది, పెద్దల సైటని ముద్ర పడ్డ పేజీ ఏదీ అక్కడ రాదు. పెనాల్టీ అనుకుని ఏడ్చేవాళ్లలో కొందరి అసలు జబ్బు ఇదే. పరీక్ష తేలిక: సేఫ్‌సెర్చ్‌ని ‘ఫిల్టర్’లో పెట్టి, గూగుల్‌లో సైట్ అన్న ఇంగ్లీషు మాట, కోలన్, ఖాళీ వదలకుండా మీ సైటు పేరు కొట్టండి, తర్వాత ఆపేసి మళ్లీ కొట్టండి. మొదటిసారి ఏమీ రాక రెండోసారి అన్నీ వస్తే మీ సైటు మొత్తం మీద ఆ ముద్ర పడింది. బొమ్మలున్న సరుకు పేజీల్ని విడిగా సబ్‌డొమైన్లోకి మార్చి, వ్యాసాల్ని వేరుగా ఉంచడం దీనికి మందు, వచ్చే పాఠం అంతా అదే. మార్చినా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

మా రెండో అర్జీ ఒప్పుకున్నారు. ‘మాన్యువల్ యాక్షన్ రివోక్డ్’ (శిక్ష రద్దయింది) అన్న మెయిలు చూసి అన్న శంకర్ విలాస్ సెంటర్ దగ్గర స్వీట్లు కొని పంచాడట. వారం తర్వాత మళ్లీ ఫోను, పెనాల్టీ పోయిందన్నావు, మొదటి పేజీ ఏదీ అని. ఆ మొదటి పేజీ కొన్న లింకుల మీద నిలబడిందన్నా, ఇప్పుడవి లేవు కదా అన్నాను. షాపు పేరు కొడితే మనమే పైన వస్తున్నాం, సరుకు పేరు కొడితే మూడో పేజీలో ఉన్నాం. కాసేపు ఏం మాట్లాడలేదు. “అయితే మన అసలు స్థాయి మూడో పేజీ అన్నమాట” అన్నాడు చివరికి.

హోంవర్క్: లింకుల షీటు దించి, డొమైన్ల వారీగా కుదించి, మొదటి వందకి నాలుగు గళ్లూ నింపండి. డిసావో ఫైలు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, వచ్చే పాఠంలో ముందు సేఫ్‌సెర్చ్ సంగతి తేల్చుకుందాం.